పెరట్లో పందికొక్కులకు ఎయిర్ గన్: విశాఖలో కొనే ముందు

ఎయిర్ గన్ కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది "ఎంత దూరం కొడుతుంది?" అని. పెరటి పనికి ఆ ప్రశ్నతో అవసరం లేదు. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య పదిహేను మీటర్లు ఉంటే అదే పెద్ద పెరడు. అంత దగ్గర్లో ఏ ఎయిర్ గన్ అయినా కొడుతుంది. గురి తప్పిన పెల్లెట్ (ఎయిర్ గన్‌లో పెట్టే చిన్న గుండు) ఎక్కడికి పోతుందన్నదే అసలు లెక్క. ప్రహరీ దాటి పైకి పోయిన 0.177 అంగుళాల పెల్లెట్ మూడు వందల మీటర్లు వెళ్లగలదు. ఆ లోపు ఎన్ని డాబాలు, ఎన్ని బట్టల తీగలు ఉంటాయో మేడెక్కి చూస్తే తెలుస్తుంది.

దేని మీద వాడొచ్చన్నది తర్వాతి మాట. జాబితా చాలా చిన్నది. కోతి మీద వద్దు. 2022 సవరణలో రీసస్ కోతిని వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూళ్ల (జంతువుల జాబితాల) నుంచి తీసేశారన్నది నిజమే. అంతమాత్రాన దాన్ని కొట్టే హక్కు ఎవరికీ రాలేదు. జంతుహింస నిరోధక చట్టం, 1960 అలాగే ఉంది. జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా పెల్లెట్‌తో కోతి సాధారణంగా చావదు. ఒంట్లో సీసంతో, పుండుతో, కసితో మళ్లీ అదే డాబా మీదికి వస్తుంది. కుక్కలకూ పిల్లులకూ ఇదే వర్తిస్తుంది. ముంగిస, మానుపిల్లి జోలికి అసలు వెళ్లకూడదు, అవి వన్యప్రాణులు. కాకిని కొట్టొచ్చనేది పాత చట్టం నాటి మాట. కాకిని హానికర జంతువుల జాబితాలో పెట్టిన ఐదో షెడ్యూలే 2022 సవరణతో పోయింది. మధురవాడ, ఎండాడ వైపు ఉండేవాళ్లకు ఇంకో హెచ్చరిక. కంబాలకొండ అభయారణ్యం అక్కడే ఉంది. అనుమతి లేకుండా ఆయుధంతో అందులో అడుగు పెట్టడమే వన్యప్రాణి రక్షణ చట్టం సెక్షన్ 31 కింద నేరం. సరదాగా అటు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక మిగిలేవి ఎలుక, పందికొక్కు. ఈ సమీక్ష ఆ రెండింటిని దృష్టిలో పెట్టుకుని రాసినదే.

లైసెన్సు లేకుండా కొనగలిగేది 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వ్యాసం), అంటే 0.177 అంగుళాలు. గొట్టం మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ మించకూడదు. 0.22 కావాలంటే లైసెన్సు తప్పదు. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఇవ్వాలి, కొట్టువాడు వివరాలు రాసుకోవాలి. అవేమీ అడక్కుండా ఇచ్చేవాడి దగ్గర కొనకండి. అమ్మేవాళ్లలో కొందరు "పవర్ పెంచిస్తాం" అని గట్టి స్ప్రింగు వేసిస్తామంటారు. అలా చేయిస్తే బిల్లు మీద లైసెన్సు అక్కర్లేని తుపాకీ, చేతిలో మాత్రం లైసెన్సు కావాల్సిన తుపాకీ అవుతుంది.

పెట్టె మీద అచ్చేసే వేగం విషయంలో చిన్న లెక్క వేసుకుంటే చాలా మోసం బయటపడుతుంది. మామూలు సీసం పెల్లెట్ 8 గ్రెయిన్లు, అంటే అర గ్రాము పైచిలుకు. అది సెకనుకు 1000 అడుగుల వేగంతో వెళ్తే శక్తి సుమారు 24 జౌల్స్, పరిమితి దాటిపోయినట్టే. 910 అడుగుల దగ్గరే 20 జౌల్స్ అయిపోతుంది. కాబట్టి "1000 అడుగులు" అని రాసుంటే రెండే అర్థాలు. తుపాకీ చట్టం దాటి ఉండాలి, లేదా ఐదు గ్రెయిన్ల తేలికపాటి మిశ్రమలోహం పెల్లెట్‌తో కొలిచి ఉండాలి. రెండోదే ఎక్కువ. ఆ తేలిక పెల్లెట్లు గట్టివి కావడంతో గోడకు తగిలి సీసం కంటే జోరుగా వెనక్కి వస్తాయి, గురి కూడా సరిగా నిలవదు. పెరటి పనికి 8 గ్రెయిన్లతో 650 నుంచి 800 అడుగులు చాలు. అది 10 నుంచి 15 జౌల్స్.

రకాల్లోకి వస్తే, మొదటిసారి కొనేవాళ్లకు స్ప్రింగు రైఫిలే సరైనది. గొట్టం విరిచి స్ప్రింగు బిగించడం, పెల్లెట్ పెట్టడం, మూయడం, కాల్చడం. బయటి గాలి సీసా, పంపు ఏమీ అక్కర్లేదు. కానీ దీన్ని వాడటం అనిపించినంత సులువు కాదు. పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే లోపల పిస్టన్ ముందుకు దూకి తుపాకీని ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు కుదిపేస్తుంది. గట్టిగా అదిమి పట్టుకుంటే ఒకచోట, వదులుగా పట్టుకుంటే ఇంకోచోట తగులుతుంది. అరచేతి మీద ఊరికే ఆనించి, ప్రతిసారీ అదే చోట ఆనించి కాల్చాలి. పిట్టగోడ మీద నేరుగా పెట్టి కాల్చినవాళ్లు "గురి బాగోలేదు" అని తుపాకీని తిట్టుకుంటారు. తప్పు పిట్టగోడది.

స్ప్రింగు రైఫిల్ పాడయ్యేది మూడు కారణాలతో. పెల్లెట్ లేకుండా ఉత్తినే కాల్చడం ఒకటి. పిస్టన్‌కు అడ్డుపడే గాలి దిండు ఉండదు కాబట్టి అది వెళ్లి తుపాకీ లోపలి గాలి గది చివరకు గుద్దుకుంటుంది, గాలి కారకుండా ఆపే సీలు చితుకుతుంది. గాలి గదిలో కుట్టుమిషను నూనె పోయడం రెండోది. గాలి నొక్కుకుపోయిన వేడికి ఆ నూనె అంటుకుని పేలుతుంది, పొగ వస్తుంది, సీలు కాలిపోతుంది. బిగించి గంటల తరబడి గోడకు ఆనించి ఉంచడం మూడోది. స్ప్రింగు కుంగిపోవడం చిన్న నష్టం, పిల్లల చేతికి అందడం పెద్దది. ఇంకొకటి, పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి. పట్టు జారి గొట్టం టపీమని మూసుకుంటే బొటనవేలు అక్కడే ఉంటుంది.

స్ప్రింగుకు బదులు వాయువు నింపిన పిస్టన్ ఉండేదాన్ని నైట్రో పిస్టన్ అంటారు. దేశీయ తయారీలో ప్రిసిహోల్ వాళ్ల దగ్గర ఈ రకం దొరుకుతుంది. కుదుపు నున్నగా ఉంటుంది, స్ప్రింగు గిలగిల ఉండదు. కానీ వాయువు కారిపోతే ఊళ్లో బాగుచేసే మెకానిక్ ఉండడు, మొత్తం పిస్టనే మార్చాలి. డబ్బు ఉంటే మంచిదే, లేకపోతే బాధపడాల్సిన పనిలేదు.

పీసీపీ, అంటే ముందే గాలి నింపిపెట్టుకునే రైఫిల్, గురిలో అన్నిటికంటే మెరుగు. కుదుపు దాదాపు లేదు, గుండుసూది గుచ్చినట్టు కొడుతుంది. అయినా విశాఖలో ఇంటి వాడకానికి సిఫారసు చేయలేం. సిలిండరు సుమారు 200 బార్ ఒత్తిడి వరకు నింపాలి. చేతి పంపుతో చివరి పాతిక బార్ ఎక్కించేసరికి చొక్కా తడిసిపోతుంది. చొక్కా తడి కంటే సిలిండర్లోకి పోయే తడి ప్రమాదం. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ, నొక్కేకొద్దీ అది నీరై లోపల చేరుతుంది, కవాటాలు తుప్పు పడతాయి. తేమ పట్టే ఫిల్టరు ఉన్న పంపే కొనాలి. ఐదు నిమిషాలకోసారి ఆపి, అడుగు స్క్రూ వదిలి నీళ్లు పోగొట్టాలి. రబ్బరు రింగులు అరిగితే రాత్రికి రాత్రి గాలి మొత్తం దిగిపోతుంది. ఏడాదికి నాలుగు పందికొక్కుల కోసం ఇంత తతంగం దేనికి?

12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ బుడ్డీతో నడిచే పిస్తోళ్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎండ పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది, దాంతోపాటే దెబ్బ తగిలే చోటూ మారుతుంది. డబ్బాల మీద సరదాకి సరే, ఎలుకను ఒక్క దెబ్బకి చంపే బలం వీటిలో లేదు.

టెలిస్కోపు విషయంలో కొత్తవాళ్లు రెండుచోట్ల దెబ్బతింటారు. పెద్ద రైఫిల్ కోసం చేసిన టెలిస్కోపు స్ప్రింగు రైఫిల్ ముందుకుదుపుకు తట్టుకోదు, లోపలి గీతలు ఊడిపోతాయి. ఎయిర్ రైఫిల్‌కని చేసినది, పది మీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ తిప్పుకునే వీలున్నది తీసుకోవాలి. అది జారకుండా వెనక అడ్డుపిన్ను ఉండాలి. రెండోది దగ్గరి దూరాల లెక్క. టెలిస్కోపు గొట్టానికి నాలుగు సెంటీమీటర్లు పైన కూర్చుంటుంది. 20 మీటర్లకు గురి సరిచేసి పెట్టి, ఐదు మీటర్ల దూరంలో ఉన్న ఎలుక తల మీద గీత పెడితే పెల్లెట్ దాదాపు రెండు సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. అంటే దవడో ముంగాలో పోతుంది, అది కుంటుకుంటూ కలుగులోకి దూరి గోడ వెనక చస్తుంది. ఆ వాసన వారం పదిరోజులు ఉంటుంది. మన పెరళ్లకు పది మీటర్ల దగ్గర సరిచేసుకుని, ఐదుకీ పదిహేనుకీ ఎక్కడ తగులుతోందో కాగితం మీద కాల్చి రాసిపెట్టుకోవాలి. పదిహేను మీటర్లలో ఐదు పెల్లెట్లూ రూపాయి బిళ్లంత చోట పడేదాకా ప్రాణి మీద గురిపెట్టకూడదు.

పెల్లెట్లు గుండ్రటి తలవి, సీసంవి, 8 గ్రెయిన్ల చుట్టుపక్కలవి తీసుకోండి. మొన తేలినవి బలంగా దూసుకుపోతాయని అమ్ముతారు. దగ్గరి దూరంలో అవి ఆవలికి దూరిపోతాయి తప్ప వాటితో లాభం లేదు. ఒకే తుపాకీకి ఒక కంపెనీ పెల్లెట్ నప్పుతుంది, ఇంకోటి నప్పదు. రెండు మూడు డబ్బాలు పరీక్షించాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, అది సీసం.

సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి తుప్పు సంగతి కొట్టువాడు చెప్పకపోయినా గుర్తుంచుకోవాలి. లాసన్స్ బే వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లుకు పట్టే తుప్పే నల్లరంగు గొట్టానికీ పడుతుంది. చెమట చేతుల వేలిముద్రలు మర్నాటికి ఎర్రగా తేలతాయి. వాడిన ప్రతిసారీ పైపైన పల్చగా తుపాకీ నూనె రాసిన గుడ్డతో తుడవాలి. స్పాంజి వేసిన పెట్టెలో, తోలు సంచిలో దాచొద్దు, అవి తడిని పీల్చి పట్టుకుంటాయి. సిలికా జెల్ పొట్లాలతో బీరువాలో, తాళం వేసి పెట్టండి. పెల్లెట్లు వేరే అరలో ఉండాలి.

వెనక అడ్డు లేకుండా ఒక్క పెల్లెట్ కూడా కాల్చకూడదు. ప్రహరీ అడ్డు కాదు. సిమెంటుకు తగిలిన పెల్లెట్ చదునై కాల్చినవాడి వైపే వస్తుంది. రాతి పలకలు, ఇనుప గేటు, నీళ్ల ట్యాంకు, నిండిన బకెట్ అన్నీ అంతే. కళ్లద్దాలు తప్పనిసరి. అడ్డుగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని ముందు గట్టిగా కట్టిన పాత పేపర్ల కట్ట పెడితే సరిపోతుంది. లేదా మెత్తని మట్టిగట్టు. మేడ మీంచి కిందికి, మట్టి వైపు కాల్చడం కొంత మేలు. కింది నుంచి కొబ్బరిచెట్టు మీదికి కాల్చడం అన్నిటికంటే చెడ్డది.

ఇదంతా చెప్పాక మా తీర్పు: పందికొక్కుకు ఎయిర్ గన్ కంటే బోను మేలు. పందికొక్కు తిరిగేది రాత్రి, తుపాకీవాడు నిద్రపోయే వేళ. బోను మాత్రం రాత్రంతా మేలుకునే ఉంటుంది. ధరలో పోలికే లేదు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇనుప సామాన్ల కొట్లలో అడగండి. ఇంటి ఎలుకల చిన్న బోను కాకుండా అర మీటరు పొడవున్నది, తీగ చేత్తో నొక్కితే వంగనిది తీసుకోవాలి. కిలోకు దగ్గరగా తూగే పందికొక్కు పల్చటి తీగను పళ్లతో విడదీస్తుంది. ఎరకు కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప, మిగిలిపోయిన మిరపకాయ బజ్జీ, ఏదైనా సరే, వాసన రావాలి. కొత్త వస్తువు కనిపిస్తే అది దగ్గరికి రాదు. అందుకే మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు తీసి కట్టేసి, ఊరికే మేపాలి. అలవాటు పడ్డాక కట్టు విప్పి పన్నాలి. గోడను రాసుకుంటూ నడిచే దారిలో, బోను గోడకు సమాంతరంగా, మూతి అది వచ్చే వైపు ఉండేలా పెట్టాలి. నడిజాగాలో పెట్టిన బోనులో బజ్జీ చీమలకే. జిగురు అట్టలు మాత్రం వద్దు, ప్రాణం పోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది.

పట్టడంతో పాటు దారి మూయాలి. ఎలుక పిల్లకు చిటికెన వేలు దూరే సందు చాలు. కలుగులో గాజు పెంకులు కుక్కి పైన సిమెంటు వేయండి. కాలువ గొట్టాల మూతికి 6 మిల్లీమీటర్ల కన్నున్న జాలీ బిగించండి, బీచ్ వైపు ఇళ్లలో అది స్టెయిన్‌లెస్ స్టీలుదైతేనే నిలుస్తుంది. పావురాల గొడవకు వల, కోతుల గొడవకు గ్రిల్లు, కోతులు గుంపుగా దిగితే అటవీ శాఖకు ఫోను.

అయినా తుపాకీ మీదే మనసుంటే 12 జౌల్స్ చుట్టుపక్కల స్ప్రింగు రైఫిల్, ఇనుప గురిముళ్లతో, టెలిస్కోపు లేకుండా తీసుకోండి. మొదటి డబ్బాలోని 500 పెల్లెట్లూ కాగితం మీదే ఖర్చుపెట్టండి. కొత్త రైఫిల్ గ్రీజు కాలిపోయి వేగం నిలకడకు రావడానికి కూడా ఎలాగూ రెండు మూడు వందల పెల్లెట్లు పడతాయి. ప్రతి వంద పెల్లెట్లకూ స్టాకు (భుజానికి ఆనించే భాగం) మరలు ఒకసారి బిగించి చూసుకోండి, కుదుపుకు మొదట వదులయ్యేవి అవే.