రియల్ ఏల్ ఫెస్టివల్ అని ఉందా? టికెట్టు కొనేముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటూ, ఈ వేసవి అయిపోయేలోగా ఒక బీరు ఫెస్టివల్‌కి వెళ్దామనుకుంటున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఊరి నుంచి వచ్చిన చుట్టాలకి ఇక్కడి అసలైన ఏల్ (ఇంగ్లండ్ పాతకాలపు పద్ధతి బీరు) రుచి చూపించాలని ముచ్చటపడేవాళ్లు మరీ ముఖ్యంగా చదవండి. మాకు జరిగింది మీకు జరగకూడదు.

జూన్ చివర్లో మా బావ హనుమకొండ నుంచి వచ్చాడు. నేను ఇక్కడికి వచ్చి ఎనిమిదేళ్లయింది, పీపాలోనే పులిసి అందులోంచే గ్లాసులోకి వచ్చే రియల్ ఏల్ అంటే నాకు ప్రాణం. బావకి అది చూపించాలని జూలై మొదటి శనివారానికి ఒక ఫెస్టివల్ టికెట్లు తీశాను. ఊరి బయట పొలంలో పెద్ద గుడారాలు, పోస్టరు మీద ‘40కి పైగా రియల్ ఏల్స్, అన్నీ చుట్టుపక్కల బ్రూవరీలవే’ అని పెద్ద అక్షరాలు. టికెట్టు 18 పౌండ్లు, నలుగురికి 72. గేటు దగ్గరికి వెళ్లాక తెలిసింది, లోపల డబ్బులు తీసుకోరట, మనిషికి కనీసం 10 పౌండ్ల టోకెన్లు కొనాలట. మిగిలితే వెనక్కి ఇవ్వరు. ఆ మాట టికెట్టు అమ్మిన పేజీలో ఎక్కడా లేదు. గేటు దాకా వచ్చి వెనక్కి పోలేక ఇంకో 40 కట్టాం.

లోపల పీపాలు లెక్కపెట్టాను. తొమ్మిది. మిగతావన్నీ కెగ్గులు (గ్యాసుతో తోసే బీరు డ్రమ్ములు), డబ్బాలు. ‘నలభై అన్నారు కదా’ అని అడిగితే బారులో ఉన్న కుర్రాడు ‘అన్నీ క్రాఫ్టేనండీ’ అన్నాడు. చిన్న బ్రూవరీల బీరు అనే అర్థంలో వాడే ఈ క్రాఫ్టు అనే మాటకి ఏ కొలతా లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. రియల్ ఏల్ అంటే మాత్రం కచ్చితమైన అర్థం ఉంది. ఉన్న తొమ్మిదిలో కూడా మూడున్నరకల్లా అయిదు ఖాళీ.

మొదటి గుక్క తాగి బావ గ్లాసు దించాడు. ‘ఇది మాపటి కల్లు లెక్క పులిసింది బామ్మర్దీ’ అన్నాడు. పొద్దున చెట్టు మీంచి దించిన కల్లుకీ సాయంత్రం దాకా ఎండలో ఉన్న కల్లుకీ తేడా చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. ఆయన ఒక్క మాటలో చెప్పింది అక్షరాలా నిజం.

ఎందుకంటే రియల్ ఏల్ కూడా కల్లులాగే ప్రాణం ఉన్న సరుకు. బ్రూవరీలో పని సగమే అవుతుంది. బతికున్న ఈస్టుతోనే పీపాలోకి ఎక్కిస్తారు, అక్కడ రెండోసారి పులుస్తుంది. అలా పులిసేటప్పుడు పుట్టిన గ్యాసే దాని నురగ, బయటి నుంచి గ్యాసు ఎక్కించరు. కెగ్గు బీరు వేరు, దాన్ని గ్యాసు ఒత్తిడితో పైకి తోస్తారు, అది వారాల తరబడి నిలవుంటుంది. పీపా సంగతి అలా కాదు. దించాక కదపకుండా పడుకోబెట్టాలి, మడ్డి అడుగుకి చేరేదాకా ఓపిక పట్టాలి. సెల్లారు (పీపాలు ఉంచే నేలమాళిగ) 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి తెరిచాక లోపలికి గాలి పోతుంది, ఇక మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. మామూలు పీపా 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. మూడు రోజుల్లో 72 పైంట్లు తాగే జనం రాని చోట ఎంత మంచి ఏల్ అయినా చెడిపోతుంది.

మేం వెళ్లిన చోట పీపాలు ఆ రోజు పొద్దున్నే వ్యాన్లో వచ్చాయని అక్కడ పనిచేసే అమ్మాయే చెప్పింది. తేరుకునే వ్యవధి లేదు. పైన తడిగుడ్డలు లేవు, చల్లబరిచే ఏర్పాటు లేదు, గుడారంలో మిట్టమధ్యాహ్నపు ఎండ. ఒకటి బురదనీళ్లలా ఉంది, ఒకటి వెనిగర్. పోసింది కొలత గీతలేని ప్లాస్టిక్ గ్లాసుల్లో. ఇక్కడి చట్టం ప్రకారం పంపు బీరు పైంటులో మూడో వంతు, సగం, మూడింట రెండు వంతులు, లేదంటే అరపైంటు గుణిజాల్లో మాత్రమే అమ్మాలి. గీత లేని గ్లాసులో ఎంత పోశారో ఎవరికి తెలుసు? పైంటంటే 568 మిల్లీలీటర్లు, మాకు అందులో నాలుగో వంతు నురగే.

మా నలుగురిలో ఒకరు శాకాహారి. ఏల్‌ని త్వరగా తేర్చడానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ వేస్తాయి, అది చేప గాలితిత్తి నుంచి తీసేది. గ్లాసులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదంటారు గానీ పట్టింపు ఉన్నవాళ్లకి చెప్పి తీరాలి కదా. ఏ పీపాలో వేశారు, దేంట్లో వేయలేదు అని అడిగితే అక్కడ ఒక్కరికీ తెలియలేదు. ఆయన ఆ పూటంతా నిమ్మకాయ సోడాతో సరిపెట్టుకున్నాడు. శాకాహారులైతే ఐసింగ్లాస్ వేయని ఏల్ ఏదని ముందే అడగండి, ఈ మధ్య అలాంటివి బాగానే దొరుకుతున్నాయి. అవి కొంచెం మసకగా ఉండటం సహజం.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇది. పుల్లబడ్డ గ్లాసు వెనక్కి తీసుకెళ్తే, ‘రియల్ ఏల్ ఇలాగే ఉంటుంది, మీకు అలవాటు లేదేమో’ అన్నారు. గతేడాది ఒక పర్యాటకుల ఊళ్లో, పీపాలోంచి ఏల్‌ని చేత్తో లాగే హ్యాండ్‌పంపులు పది ఉన్న పబ్బులో కూడా అచ్చం ఇదే మాట విన్నాను. మంగళవారం మధ్యాహ్నం, లోపల నలుగురం కూడా లేం, పది రకాలు తెరిచి పెట్టారు! అవి ఎప్పటివో ఆలోచించండి. దయచేసి ఈ మాట నమ్మకండి. రియల్ ఏల్ వెచ్చగా ఉండదు, చప్పగా చచ్చిపోయినట్టు ఉండదు, వెనిగర్‌లా నాలుకని కొయ్యదు. చేదు వేరు, పులుపు వేరు. తడి అట్టముక్క వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. వెన్న రాసినట్టు జిడ్డుగా తగిలితే సరిగ్గా తయారు కాలేదని చాలాసార్లు అర్థం. ఒక్క మినహాయింపు చెప్తాను. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి ఏల్స్‌లో అగ్గిపుల్ల గీసినప్పటి లాంటి గంధకపు వాసన లీలగా వస్తుంది. అది అక్కడి జిప్సం నీళ్ల గుణం, లోపం కాదు. ఒకప్పుడు మన దేశంలోని దొరల కోసం ఓడలకెక్కిన పేల్ ఏల్ (లేత రంగు ఏల్) చాలావరకు ఆ ఊరిదే.

మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. కొత్త దేశం, కొత్త పానీయం, మనకే తెలియదేమో అనుకుని డబ్బిచ్చి మరీ చెడిపోయింది తాగేస్తాం. నేనూ మొదటి రెండేళ్లు అలాగే తాగాను. మంచి పబ్బులో వెనక్కిస్తే మారుమాట లేకుండా మారుస్తారు, ఎందుకని ప్రశ్నించరు. కొనేముందు కొంచెం రుచి చూపించమంటే చిన్న గ్లాసులో పోసిస్తారు. ఇది ఇక్కడ మామూలు మర్యాదే. రుచి చూపించడానికి మొహం మాడ్చుకుంటే ఆ పబ్బులోంచి బయటికి వచ్చేయండి.

హ్యాండ్‌పంపు చూసి కూడా మోసపోకండి. 2024లో ఒక పెద్ద కంపెనీ కెగ్గులోని బీరునే హ్యాండ్‌పంపు గుండా పోసే పద్ధతి తెచ్చింది, రియల్ ఏల్ కోసం పోరాడే కామ్రా సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. పిడి లాగితే వచ్చిందంటే పీపాలోంచే వచ్చిందని ఇప్పుడు అనుకోవడానికి లేదు. ‘ఇది క్యాస్కేనా (అంటే పీపాలోదేనా), ఎప్పుడు తెరిచారు’ అని అడగండి. సూటిగా జవాబు చెప్పే పబ్బే మంచి పబ్బు. పంపు మీది ఏల్ పేరున్న బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ ఏల్ అయిపోయిందని గుర్తు.

మరి ఎక్కడికి వెళ్లాలి అంటే, నా మటుకు కామ్రా స్థానిక శాఖలు నడిపే ఫెస్టివళ్లే నమ్మకం. 1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన సంఘం అది, ఫెస్టివళ్లు నడిపేది సొంత పని మానుకుని వచ్చే వాలంటీర్లు. పీపాలు రోజుల ముందే దించి, చల్లగా ఉంచి, రుచి చూసి మరీ తెరుస్తారు. నేను వెళ్లినవాటిలో గ్లాసు మీద ప్రతి కొలతకీ గీత ఉంది, గ్లాసు తిరిగిస్తే దాని డబ్బు తిరిగొచ్చింది, మిగిలిన టోకెన్లకీ డబ్బిచ్చారు. కేంబ్రిడ్జ్‌లో మే నెలలో జీసస్ గ్రీన్ మీద జరిగేది, పీటర్‌బరోలో ఆగస్టులో నది ఒడ్డున జరిగేది, నారిచ్‌లో అక్టోబరులో పాత రాతి హాళ్లలో జరిగేది, ఈ మూడూ పేరున్నవి. గ్రేట్ బ్రిటిష్ బీర్ ఫెస్టివల్ చాలా ఏళ్లు లండన్ ఒలింపియాలో జరిగి 2025లో బర్మింగ్‌హామ్‌లో జరిగింది, కాబట్టి పాత వ్యాసాలు చూసి రైలు టికెట్లు కొనకండి. ఏ ఫెస్టివల్ అయినా ఈ ఏడాది తేదీ, చోటు నిర్వాహకుల దగ్గరే సరిచూసుకోండి.

పబ్బులకైతే కామ్రా ఏటా వేసే గుడ్ బీర్ గైడ్ ఒకటి దగ్గరుంచుకోండి. అందులోకి ఎక్కేవి ఆ చుట్టుపక్కల సభ్యులు ఏడాది పొడుగునా తాగి చూసి ఎంచినవి. తలుపు పక్కన క్యాస్క్ మార్క్ అనే, ఏల్ నాణ్యత పరీక్షించే సంస్థ ఫలకం ఉందేమో కూడా చూడండి. వాళ్ల పరీక్షకుడు చెప్పకుండా వచ్చి ఏల్ వేడి, వాసన, రుచి చూసి పోతాడు. నేనైతే ఇంకో లెక్క కూడా వేసుకుంటాను. జనం నిండుగా ఉండి మూడు నాలుగు పంపులే ఉన్న చోటు, ఖాళీగా పది పంపులున్న చోటు కంటే ఎప్పుడూ మేలు. ఒకే ఏల్ ఒక పబ్బులో అమృతం, పక్క వీధిలో కషాయం అవుతుంది. టిమోతీ టేలర్ బ్రూవరీ వాళ్ల ల్యాండ్‌లార్డ్ ఏల్ లాంటిది సెల్లారులో తగినన్ని రోజులు ఉంచకపోతే అసలు పలకదు. తప్పు బ్రూవరీ మీద వేసేముందు ఇంకో చోట తాగి చూడండి.

ఆ శనివారం బాధ తీరడానికి మరుసటి వారం బావని షెఫీల్డ్ తీసుకెళ్లాను, రైల్లోనే. బండి నడిపే మాట మర్చిపోండి, ఇలాంటి రోజు రైలే మంచిది, అక్కడ స్టేషన్లోనే షెఫీల్డ్ ట్యాప్ అనే పబ్బు ఉంది. కెలమ్ ఐలండ్ పేటలో ఫ్యాట్ క్యాట్ పబ్బు 1981లో తెరిచినప్పటి నుంచీ రకరకాల ఏల్స్‌కి పేరు. పక్కనే ఉన్న కెలమ్ ఐలండ్ టావెర్న్ 2008, 2009 రెండేళ్లూ వరసగా దేశంలోకెల్లా మంచి పబ్బుగా కామ్రా ఎంపిక చేసింది. బావ ఒక లేత రంగు ఏల్ అరపైంటు తాగి, కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ‘ఇది పొద్దుటిది’ అన్నాడు. ఆయన కోసం నేను కోరుకున్నది ఆ మాటే.

డబ్బు సంగతి. నిర్వాహకులకి రెండు మెయిళ్లు పెడితే ‘టికెట్లు వాపసు లేవు’ అని ఒక్క ముక్క జవాబు. తేదీ ఖాయమైన వినోదాల టికెట్లకి 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఇక్కడ వర్తించదు, అది నిజమే. కానీ చెప్పిన సరుకు ఇవ్వకపోతే ఆ సాకు చెల్లదు, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం మన వైపు ఉంది. క్రెడిట్ కార్డు మీద సెక్షన్ 75 రక్షణ (అమ్మినవాడు మాట తప్పితే కార్డు కంపెనీని డబ్బు అడిగే హక్కు) ఒక్కో వస్తువు ధర 100 పౌండ్లు దాటితేనే, మా 18 పౌండ్ల టికెట్లకి అది ఎలాగూ పనికిరాదు. పైగా నేను కట్టింది డెబిట్ కార్డుతో, అందుకని బ్యాంకుని చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు అమ్మినవాళ్ల నుంచి వెనక్కి రాబట్టడం) అడిగాను. అదృష్టం కొద్దీ నలభై ఏల్స్ అన్న పోస్టరుని బావకి వాట్సాప్‌లో పంపి ఉన్నాను. ఎందుకంటే మా ఫిర్యాదు వెళ్లాక ఆ పేజీలో ‘రియల్ ఏల్స్’ తీసేసి ‘బీర్లు’ అని మార్చారు. ఆ పోస్టరూ, తొమ్మిది పీపాల ఫొటో జతచేస్తే అయిదు వారాలకి 72 పౌండ్లు వెనక్కి వచ్చాయి. గేటు దగ్గర నోట్లిచ్చి కొన్న టోకెన్ల డబ్బు మాత్రం పోయినట్టే. ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల లైనుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, వాళ్లు వ్యాపారుల మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులకి పంపుతామన్నారు.

అదే నిర్వాహకులు సెప్టెంబరులో వేరే ఊళ్లో, వేరే పేరుతో ఇంకోటి పెడుతున్నారు. అదే గుడారాల ఫొటో, అదే ‘40కి పైగా’ అన్న మాట. ఇప్పటికే టికెట్లు కొన్నవాళ్లు ఉంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఈ రోజే తీసి పెట్టుకోండి. పీపాలు ఎన్ని, కెగ్గులు ఎన్ని, మిగిలిన టోకెన్లకి డబ్బిస్తారా అని మెయిల్లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. జవాబు రాకపోతే వెళ్లకముందే బ్యాంకుతో మాట్లాడండి.