లైనక్స్ సాఫ్ట్-డర్టీ బిట్: కొన్నేళ్ల వాడకం తర్వాత

రోజుల తరబడి ఆగకుండా నడిచే గణన ప్రోగ్రాముల స్థితిని మధ్యమధ్యలో భద్రపరచడానికి నేను కొన్నేళ్లుగా క్రియు అనే సాధనాన్ని వాడుతున్నాను. ప్రతిసారీ మెమరీ మొత్తాన్ని డిస్కుకు ఎక్కించకుండా, కిందటిసారి తర్వాత మారిన పేజీలను (మెమరీని విభజించిన చిన్న ముక్కలను) మాత్రమే రాయడానికి దానికి ఆధారం, 2013లో లైనక్స్ 3.11తో వచ్చిన, మారిన పేజీకి గుర్తుగా నిలిచే సాఫ్ట్-డర్టీ బిట్. ఈ సమీక్ష దాని గురించే.

పేజీలో రాత జరిగిందని ప్రాసెసర్ తానే పెట్టే గుర్తు, డర్టీ బిట్, పేజ్ టేబుల్‌లో (ప్రోగ్రాము చిరునామాలు మెమరీలో ఎక్కడున్నాయో చూపే పట్టికలో) ముందునుంచీ ఉంది. అయితే ఏ పేజీని డిస్కుకు రాయాలో తేల్చుకోవడానికి లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నల్ వాడుకునేది దానినే కనుక, మన లెక్క కోసం దాన్ని తుడిస్తే డేటాకే ముప్పు వస్తుంది. అందుకే వేరే గుర్తు అవసరమైంది. ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రాముకు) చెందిన క్లియర్_రెఫ్స్ ఫైలులో 4 అని రాస్తే, కెర్నల్ పేజీలన్నిటి సాఫ్ట్-డర్టీ గుర్తును చెరిపి, వాటిలో రాసే అనుమతిని తీసివేస్తుంది. తర్వాత ప్రోగ్రాము ఒక పేజీలో రాయబోగానే పేజ్ ఫాల్ట్ కలుగుతుంది, అంటే ప్రాసెసర్ ఆ పని ఆపి కెర్నల్‌ను పిలుస్తుంది; అప్పుడు కెర్నల్ గుర్తు పెట్టి అనుమతిని తిరిగి ఇస్తుంది. ఆ గుర్తు అదే ప్రాసెస్‌కు చెందిన పేజ్‌మ్యాప్ ఫైలులో, ఒక్కో పేజీకి ఉండే నమోదులో 55వ బిట్‌గా కనబడుతుంది. 4 కిలోబైట్ల పేజీకి 8 బైట్ల చొప్పున, 1 గిగాబైటు మెమరీకి 2 మెగాబైట్లు చదివితే సరిపోతుంది.

దీనిలో నాకు బాగా నచ్చినది దాని జాగ్రత్త. ప్రోగ్రాము కొత్తగా మ్యాప్ చేసిన (తన చిరునామాల్లోకి తెచ్చుకున్న) మెమరీ ప్రాంతాన్ని అది మారినట్టుగానే చూపుతుంది. లేకపోతే పాత ప్రాంతాన్ని వదిలేసి అదే చిరునామాలో మరొకటి తెచ్చుకున్న ప్రోగ్రాము విషయంలో మార్పు కనిపించకుండా పోయేది. లెక్క ఎక్కువ చూపినా పరవాలేదు, తక్కువ చూపకూడదు అన్న ఈ నియమం వల్లనే నేను దీన్ని నమ్ముతున్నాను.

ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు. గుర్తులు చెరిపిన వెంటనే, మెమరీ అంతటా రాసే ప్రోగ్రాము ఒక్కో పేజీకి ఒక్కో ఫాల్ట్ చెల్లించి, కాసేపు స్పష్టంగా మందగిస్తుంది. 2 మెగాబైట్ల పెద్ద పేజీలుంటే ఫాల్టులు తగ్గుతాయి గాని, ఒక్క బైటు మారినా ఆ 2 మెగాబైట్లూ మారినట్టే లెక్కకు వస్తాయి. పైగా ప్రాసెస్ మొత్తానికి ఒకే గుర్తు కావడంతో రెండు సాధనాలు ఒకేసారి వాడితే ఒకదాని లెక్కను మరొకటి చెరిపేస్తుంది.

అన్నిటికంటే పెద్ద లోపం, చదవడమూ చెరపడమూ రెండు వేర్వేరు పనులు కావడం. ఆ రెంటి నడుమ జరిగిన రాత లెక్కలోకి రాదు కనుక ప్రాసెస్‌ను ఆపక తప్పదు. విండోస్‌లో మారిన పేజీలను తెలిపే గెట్‌రైట్‌వాచ్‌కు సాటిగా లైనక్స్ 6.7లో వచ్చిన పేజ్‌మ్యాప్_స్కాన్ అనే పిలుపు ఆ రెండు పనులనూ విడదీయకుండా, కోరిన చిరునామాల వరకే చేస్తుంది. కొత్త కెర్నల్ ఉన్న యంత్రాల మీద నేను రాసే కోడుకు దానినే ఎంచుకుంటున్నాను; పాత కెర్నళ్ల మీద, ప్రాసెస్‌ను క్షణకాలం ఆపగలిగిన చోట, సాఫ్ట్-డర్టీనే కొనసాగిస్తున్నాను.