ప్రో బౌల్: ట్యాకిల్ ఆటా, ఫ్లాగ్ ఆటా – ఏది మేలు?

కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టు పట్టకుండా భుజం తట్టి పంపించేస్తుంటే ఎంతసేపు చూడగలం? అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ మేటి ఆటగాళ్లు కలిసి ఆడే ప్రో బౌల్ చివరి ఏళ్లలో అలాగే సాగింది. 1951లో మొదలైన ఆ మ్యాచ్‌ను పక్కన పెట్టి, 2023 నుంచి ఫ్లాగ్ ఫుట్‌బాల్ (కింద పడేయకుండా నడుము పట్టీ లాగే ఆట), నైపుణ్య పోటీలు నడుపుతున్నారు. ట్యాకిల్ చేసే, అంటే ఎదుటివాణ్ని పట్టి కింద పడేసే పాత ఆటే తిరిగి రావాలని కోరేవాళ్లు ఉన్నారు. నేను ఫ్లాగ్ వైపు. కాకపోతే ఇప్పుడు ఆడిస్తున్న తీరులో కాదు.

పాత ఆట కావాలనేవాళ్లు 2007 నాటి దెబ్బను గుర్తు చేస్తారు. బఫెలో జట్టులో బంతిని దూరంగా తన్నే పంటర్ బ్రయాన్ మూర్‌మన్ ఆ బంతిని తన్నకుండా చంకన పెట్టుకుని పరిగెత్తాడు. వాషింగ్టన్ ఆటగాడు షాన్ టేలర్ ఎదురొచ్చి గుద్దిన గుద్దుకు మూర్‌మన్ గాల్లోకి లేచి పడ్డాడు. అది నిజమైన ఫుట్‌బాల్, ఒప్పుకుంటాను. కానీ ఇన్నేళ్ల ప్రో బౌల్‌లో అందరూ ఆ ఒక్క గుద్దునే చెప్పుకుంటున్నారంటే మిగతా ఆట ఎలా ఉండేదో తెలుస్తూనే ఉంది.

ఇందులో ఆటగాళ్లను తప్పు పట్టలేం. సీజనంతా దెబ్బలు తిన్న ఒళ్లు. మోకాలు పోతే కాంట్రాక్టు పోతుంది. 2016 ప్రో బౌల్‌లో సిన్సినాటి ఆటగాడు టైలర్ ఐఫర్ట్ చీలమండకు దెబ్బ తగిలి, ఆపరేషన్ చేయించుకుని, తర్వాతి సీజన్ తొలి మ్యాచ్‌లకు దూరమయ్యాడు. అలాంటి భయంతోనే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనంగా మనుషుల్ని పంపే బ్లిట్జ్‌ను ఈ మ్యాచ్‌లో నిషేధించారు. గట్టిగా అడ్డుకునేవాళ్లు లేక 2012లో స్కోరు 59–41కి చేరింది, మ్యాచ్ జరిగిన హవాయిలో జనం విసుగెత్తి గోల చేశారు. తన జట్టులో కొందరు సరిగా ఆడలేదని క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ బయటే అన్నాడు. తర్వాత డియాన్ శాండర్స్, జెర్రీ రైస్ లాంటి పాత దిగ్గజాల చేత జట్లు ఎంపిక చేయించి చూశారు. ట్యాకిల్ చేయాలన్న మనసే లేనప్పుడు జట్లు ఎలా పంచితే ఏం?

ఫ్లాగ్‌లో ఆ టెన్షన్ లేదు. నడుముకు వేలాడే పట్టీ లాగేస్తే పరుగు ఆగినట్టే. కాబట్టి ఆటగాడు దాచుకోకుండా పరిగెత్తొచ్చు, మలుపు తిరగొచ్చు, బంతి కోసం ఎగరొచ్చు. సగం మనసుతో చేసే ట్యాకిల్ కన్నా నిండు మనసుతో లాగే పట్టీ నాకు ముద్దు. ప్రమాదం అసలే లేదని కాదు. 1999లో ప్రో బౌల్ వారంలో హవాయి ఇసుకలో సరదాగా ఫ్లాగ్ ఆడుతూనే న్యూ ఇంగ్లండ్ జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తే కొత్త రన్నింగ్ బ్యాక్ రాబర్ట్ ఎడ్వర్డ్స్ మోకాలు ఛిద్రమైంది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత వరకూ పోయింది. మళ్లీ మైదానంలోకి రావడానికి 2002 దాకా పట్టింది.

ఇక ఫ్లాగ్‌కు లేనిది పంతం. గెలిచినవాళ్లకు రెట్టింపు డబ్బు ఇస్తున్నారు గానీ, కోట్లు సంపాదించేవాళ్లకు అది లెక్క కాదు. బేస్‌బాల్‌లో 2003 నుంచి 2016 వరకు రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్లు తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్ గెలిచిన లీగ్‌కే ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో సొంత మైదానం లాభం దక్కేది. ఇక్కడ ఆ దారి కూడా లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ వేదిక ముందే ఖరారై ఉంటుంది.

హాకీవాళ్లకు దొరికిన దారి నాకు బాగా నచ్చింది. 2025లో ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ మ్యాచ్ మానేసి అమెరికా, కెనడా, స్వీడన్, ఫిన్లండ్ జట్లతో టోర్నీ పెట్టింది. మాంట్రియల్‌లో అమెరికా–కెనడా మ్యాచ్ మొదలైన తొమ్మిది సెకన్లలోనే మూడు కొట్లాటలు! ఫైనల్లో కెనడా 3–2తో అదనపు సమయంలో గెలిచింది. ఆ కొట్లాటలు ఎవరికీ అక్కర్లేదు, కానీ ఒంటి మీద దేశం జెర్సీ ఉంటే ఆట ఎంత మారిపోతుందో కళ్లారా చూశాం.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లు అందులో ఆడేందుకు జట్ల యజమానులు 2025లో ఒప్పుకున్నారు. అమెరికా ఫ్లాగ్ జట్టు క్వార్టర్‌బ్యాక్ డారెల్ డౌసెట్ అయితే ఈ ఆట తెలివి విషయంలో ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ కన్నా తానే మేలని 2024లోనే అనేశాడు. ఏళ్ల తరబడి ఈ ఆటే ఆడుతున్న డౌసెట్ జట్టును తెచ్చి ప్రో బౌల్ ఆటగాళ్లకు ఎదురుగా నిలబెట్టాలి. ఓడితే పరువు పోతుందని తెలిసిన రోజున ఏ స్టారూ నింపాదిగా పరిగెత్తడు.