సిమ్యులేషన్‌లో నీటి ప్రతిబింబం: ఏ పద్ధతి మేలు?

ఒడ్డున నిలబడి కాళ్ల దగ్గరి నీళ్లలోకి చూస్తే అడుగున గులకరాళ్లు కనిపిస్తాయి. తల ఎత్తి దూరంగా చూస్తే అదే నీరు అద్దమైపోయి ఆకాశాన్ని చూపిస్తుంది. కంప్యూటర్‌తో గీసి తెర మీద చూపే నీరు నీరులా అనిపించాలంటే ముందు ఈ మార్పు రావాలి. నిటారుగా చూసినప్పుడు నీటి ఉపరితలం తిప్పికొట్టే వెలుగు సుమారు 2 శాతమే. చూపు వాలేకొద్దీ అది పెరిగి పెరిగి 100కి చేరుతుంది. ఇది తేలాల్సింది ఏ కోణంలో ఎంత వెలుగు తిరిగొస్తుందో చెప్పే ఫ్రెనెల్ సమీకరణాలతో. వాటికి బదులు చాలామంది దగ్గరి జవాబును తేలిగ్గా ఇచ్చే 1994 నాటి ష్లిక్ సూత్రం వాడతారు, నేనూ అంతే. నిటారు చూపు నుంచి కొలిస్తే 60 డిగ్రీల దగ్గర అసలు లెక్క 6 శాతం చెబితే ష్లిక్ 5 అంటుంది, 80 దగ్గర 35కి బదులు 40. అలలు కదులుతుంటే ఈ తేడా కంటికి ఆనదు. కెమెరా నీళ్లలోకి దిగితే మాత్రం జాగ్రత్త! కింది నుంచి చూసేటప్పుడు సుమారు 48.6 డిగ్రీలు దాటితే వెలుగు బయటికే రాదు, అంతా నీళ్లలోకే తిరిగొస్తుంది, అంటే సంపూర్ణాంతర పరావర్తనమే. ఆ హద్దును షేడర్‌లో, అంటే పిక్సెళ్ల రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రామ్‌లో, విడిగా చూసుకోవాలి.

ఇక ప్రతిబింబం ఎక్కణ్ణుంచి తేవాలి? అన్నిటికన్నా చవక క్యూబ్ మ్యాప్, అంటే చుట్టూ ఉన్న దృశ్యాన్ని ఒక పెట్టె ఆరు ముఖాల మీద ముందే దాచుకున్న బొమ్మలు. ఆకాశానికీ దూరపు కొండలకీ బాగుంటుంది. నీళ్లలో పాతిన గుంజ ప్రతిబింబం మాత్రం గుంజ మొదలుకు అతకదు, చాలాసార్లు అసలు కనిపించదు.

స్క్రీన్ స్పేస్ పద్ధతి ఆ గుంజను చక్కగా అతికిస్తుంది, ఎందుకంటే తెర మీద ఉన్న పిక్సెళ్లనే తీసుకుంటుంది. దాని బలహీనతా అక్కడే. కెమెరాను మెల్లగా కిందికి వంచి చూడండి: చెట్టు కొమ్మలు ఫ్రేమ్ దాటగానే నీళ్లలోని కొమ్మలు కూడా చెరిగిపోతాయి. నీటి కదలిక ఎంత అందంగా ఉన్నా ఈ ఒక్క లోపం దొరికిపోతుంది. అందుకే తెరలో దొరకని చోట క్యూబ్ మ్యాప్‌కు వెళ్లేలా రాసుకోవాలి.

ప్లానార్ పద్ధతిలో కెమెరాను నీటిమట్టానికి కిందికి తిరగేసి దృశ్యాన్ని మళ్లీ గీస్తారు. నిలకడ నీటికి దీన్ని మించింది లేదు. పని దాదాపు రెట్టింపవుతుంది, ఎత్తైన అలలకు పనికిరాదు. వెలుగు కిరణాల దారిని ఒక్కొక్కటిగా లెక్కగట్టే రే ట్రేసింగ్ అన్నిటినీ సరిగ్గా చేస్తుంది గానీ, పిక్సెల్‌కు ఒకటి రెండు కిరణాలతో సరిపెడితే చిన్న చిన్న అలల దగ్గర మచ్చలు రేగుతాయి, వాటిని తుడవబోతే మెరుపులు మసకబారతాయి.

నా ఎంపిక ఇదీ: నిలిచిన నీటికి ప్లానార్, అలలకు స్క్రీన్ స్పేస్‌తో క్యూబ్ మ్యాప్. వీడియో కోసం ఫ్రేమ్‌కు నిమిషాలు ఆగగలిగితే రే ట్రేసింగే.

వక్రీభవనం, అంటే నీటిలోకి దిగే వెలుగు వంగడం, దగ్గర అంత వెతుకులాట అక్కర్లేదు. నీటి వెనక దృశ్యాన్ని అల వాలును బట్టి కాస్త జరిపి చూపిస్తే చాలావరకు నమ్ముతాం. జరిపిన చోట దొరికిన పిక్సెల్ నీటి ముందున్న వస్తువుదేమో డెప్త్‌తో, అంటే కెమెరా నుంచి దాని దూరంతో, సరిచూడాలి. లేదంటే ఒడ్డున నిలబడ్డ మనిషి అంచులు నీళ్లలోకి కారినట్టు కనిపిస్తాయి. ముందున్న వస్తువు పిక్సెలే దొరికితే జరపకుండా పాత పిక్సెలే వాడాలి. లోతుకొద్దీ ఎరుపును ముందు తగ్గించాలి, ఎందుకంటే నీరు మింగేది ముందుగా దాన్నే.