పొట్ట తెరవకముందే పాంక్రియాస్ మెత్తదనం: ఎలాస్టోగ్రఫీ కొన్నేళ్లు వాడాక

విప్పుల్ ఆపరేషన్‌లో (గడ్డతో సహా పాంక్రియాస్, అంటే క్లోమ గ్రంథి, తల భాగాన్ని తీసేసే ఆపరేషన్) సర్జన్‌గా నాకు అసలు టెన్షన్ గడ్డ తీసే దగ్గర కాదు, మిగిలిన పాంక్రియాస్‌ని పేగుకు కలిపి కుట్టే దగ్గర. గ్రంథి గట్టిగా ఉంటే కుట్టు నిలుస్తుంది. మెత్తగా ఉంటే దారమే దాన్ని కోసేస్తుంది. అక్కడ లీకై కారిన జీర్ణరసం పక్కనున్న రక్తనాళాన్ని తినేసిందంటే ప్రాణం మీదికొస్తుంది. ఈ లీక్ ముప్పును పాయింట్లలో లెక్కగట్టే 2013 నాటి ఫిస్టులా రిస్క్ స్కోర్ మెత్తని గ్రంథికి పాయింట్లు వేస్తుంది. కానీ ఆ మెత్తదనం తెలిసేది పొట్ట తెరిచి వేళ్లతో నొక్కి చూశాకే. ఇంటివాళ్లతో మాట్లాడి సంతకం తీసుకోవడం అప్పటికే అయిపోయి ఉంటుంది.

అందుకే అల్ట్రాసౌండ్‌లో షియర్ వేవ్ ఎలాస్టోగ్రఫీ, అంటే కణజాలంలో అల పోయే వేగంతో గట్టిదనం కొలిచే స్కాన్, నాకంత ఇష్టం. గట్టి కణజాలంలో అల వేగంగా పోతుంది, మెత్తటిదాంట్లో నెమ్మదిగా పోతుంది. ఆ వేగం అంకెగా ముందే చేతికొస్తుంది.

ఆంపుల్లా (పిత్తనాళం, పాంక్రియాస్ గొట్టం పేగులోకి తెరుచుకునే చోటు) క్యాన్సర్‌తో, కామెర్లతో ఒక పెద్దాయన వచ్చారు. సీటీలో డక్ట్ (పాంక్రియాస్ రసం పారే గొట్టం) 6 మిల్లీమీటర్లు. 5 గానీ ఆపైన గానీ ఉంటే స్కోర్‌లో డక్ట్‌కు సున్నా పాయింట్లు, అంటే ఆ లెక్కన ముప్పు తక్కువ. గ్రంథి కూడా గట్టిపడే ఉంటుందని అందరం అనుకున్నాం. సాయంత్రం మా రేడియాలజిస్ట్ ఫోన్ చేసింది. "సార్, డక్ట్ చూసి ధైర్యపడకండి. మీరు కోసే పాంక్రియాస్ మెడ దగ్గర వేగం సెకనుకు 1.1 మీటర్లే వస్తోంది, అంటే మెత్తగా ఉంది. మళ్లీ మళ్లీ తీశాను." ఆ రాత్రే ఆయన కూతుర్ని కూర్చోబెట్టి, లీక్ అయ్యే అవకాశం ఎక్కువేనని, అయితే ఏం చేస్తామో వివరంగా చెప్పాను.

తెరిచి చూస్తే గ్రంథి వెన్నలా ఉంది. మూడోరోజు డ్రెయిన్‌లో (పొట్టలోని ద్రవాన్ని బయటికి తెచ్చే గొట్టం) బూడిదరంగు నీళ్లు, వాటిలో పాంక్రియాస్ ఎంజైమ్ అమైలేజ్ వేలల్లో, అంటే లీకే. ఆ అమ్మాయి కంగారుపడలేదు. "మీరు ముందే చెప్పారు కదా డాక్టర్ గారూ, డ్రెయిన్ ఎన్నాళ్లు ఉంచుతారు?" అని మాత్రం అడిగింది. డ్రెయిన్ పెట్టి మూడు వారాలు దాటింది, అంటే లీక్ తీవ్రతకు 2016లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం గ్రేడ్ బి. డ్రెయిన్‌తోనే ఇంటికెళ్లారు, లీక్ దానంతటదే మానింది.

మొదట్లో ఈ స్కాన్ ప్రతి కేసుకూ రాసేవాణ్ణి, ఇప్పుడు రాయడం లేదు. మన దగ్గర తరచూ కనిపించే పాంక్రియాస్‌లోనే రాళ్లు పడే దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌లో (పాంక్రియాస్ వాపు) గ్రంథి గట్టిదనం సీటీలోనే తెలిసిపోతుంది. ఇక లావుపాటి షుగర్ పేషెంట్లలో కొవ్వు, గ్యాస్ అడ్డొచ్చి గ్రంథే సరిగా కనబడదు. వెనక అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) కొట్టుకోవడంతో అంకె ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. కొవ్వు పట్టిన మెత్తటి గ్రంథులే కదా ఎక్కువగా లీకయ్యేది! బాగా అవసరమైన చోటే చేతులెత్తేస్తుందని నాకు దీని మీద కోపం.

సన్నటి మనిషి, ఓపిగ్గా కొలిచే రేడియాలజిస్ట్ ఉంటే తప్పకుండా చేయించండి. మా దగ్గర ఆ పని ఒక్కరే చేస్తారు కాబట్టి అంకెల్ని పోల్చుకోగలుగుతున్నాను. రోజుకొకరు స్కాన్ చేసే చోట నేనైతే సీటీనే నమ్ముకుంటాను.