ఎవరి ఇల్లు, ఎవరి ఉంగరం: ఆటల్లో నేను తిరిగిన ఊళ్లు

ఈ వేసవిలో ఊరు దాటలేదు. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని, వీడియో గేమ్‌లలో ఎప్పుడో తిరిగిన ఊళ్లనే మళ్లీ చుట్టొచ్చాను. స్కైరిమ్‌లో వైట్‌రన్, రిఫ్టెన్. విచర్ 3లో వైట్ ఆర్చర్డ్. కింగ్‌డమ్ కమ్‌లో రాటై. ఆఖరున మారోవిండ్‌లో సేడా నీన్. ఈసారి యుద్ధాలు, పెద్ద కథలు పక్కన పెట్టి మామూలు బాటసారిలా చూశాను. ఎక్కడ పడుకున్నాను, ఊరివాళ్లు ఎలా చూసుకున్నారు, ఎవరి వస్తువు మీదైనా చెయ్యి వేస్తే ఊరు ఏమంది.

రోల్ ప్లేయింగ్ ఆటలు, అంటే ఒక పాత్రలో దూరి దాని కథని మనమే నడిపించే ఆటలు, ఆడేవాళ్లకి తెలుసు, వీటిలో దొంగతనం, దోపిడీ, కొత్తచోట్లు వెతకడం మూడూ ఒకే బటన్ మీద నడుస్తాయి. బల్ల మీది రొట్టె తియ్యడానికీ, చచ్చిన బందిపోటు జేబు వెతకడానికీ, పాడుబడ్డ సమాధిలో పెట్టె తెరవడానికీ అదే బటన్. ఆ మూడింటికీ తేడా చూపించాల్సింది ఆటే. ఆ తేడా ఉన్నచోట ఊరు ఊరులా ఉంటుంది. లేనిచోట గోడౌన్‌లో తిరుగుతున్నట్టు ఉంటుంది.

మొదటి మజిలీ వైట్‌రన్. బస బ్యానర్డ్ మేర్ అనే సత్రంలో. అద్దె 10 బంగారు నాణేలు, డబ్బు తీసుకున్నాక సత్రం నడిపే హుల్డా తనే వెంట వచ్చి మేడ మీద గది చూపిస్తుంది. కింద పొయ్యి వెలుగుతూ ఉంటుంది, ఎవరో పాట పాడుతుంటారు. అక్కడ పడుకుని లేస్తే ఆటలోని ఎనిమిది గంటల పాటు ఏ విద్యైనా 10 శాతం వేగంగా ఒంటబడుతుంది. డబ్బు పెట్టి పడుకున్నందుకు ఫలితం ఉందన్నమాట. ఊరి బయట గుర్రాలశాల దగ్గర బండి దొరుకుతుంది, దూరపు ఊళ్లకి కూడా ఛార్జీ పెద్ద భారం కాదు. బస, రవాణా వరకు వైట్‌రన్‌కి వంక పెట్టలేను.

నా బాధ ఇళ్ల లోపల మొదలైంది. 2011లో వచ్చిన ఈ స్కైరిమ్‌ ఆటలో కంటికి కనిపించే ప్రతి చిన్న వస్తువూ చేతికొస్తుంది. గిన్నె, చీపురు, క్యాబేజీ, కొవ్వొత్తి. అది ఎవరిదైనా అయితే పేరు ఎర్రటి అక్షరాల్లో వస్తుంది. అంతే, ఆ ఎరుపే హద్దు. ఎవరూ చూడకపోతే ఏమీ జరగదు. దుకాణదారు తలమీద బకెట్ బోర్లించి, అతని కళ్లెదుటే కొట్టంతా ఖాళీ చేసే చిట్కా ఆడేవాళ్లందరికీ కంఠతా వచ్చు. తెల్లారి మళ్లీ వెళ్తే అతను నిన్నటి మాటే, నిన్నటి గొంతుతోనే చెబుతాడు. అలమరాలు ఖాళీగా ఉన్నాయని కూడా గమనించడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని మనవాళ్లు దెప్పడానికి అంటారు. ఇక్కడ అదే చట్టం.

కొట్టేసిన సరుకుకి గుర్తు పడుతుంది, మామూలు వ్యాపారులు కొనరు, రిఫ్టెన్‌లో దొంగల సంఘం మనుషులే కొంటారు. అది కొంత నయం. ఇంకోటి నాకు చాలా నచ్చింది. ఒకసారి దారిలో ముగ్గురు రౌడీలు మీదపడ్డారు. వాళ్లని పడగొట్టి జేబు చూస్తే ఒక చీటీ. నేను ఎప్పుడో ఎవరింట్లోనో ఏదో తీశానని, నాకు బుద్ధి చెప్పమని, ఆ ఇంటావిడ రాసిచ్చిన చీటీ. పేరుతో సహా. ఆ ఇంట్లో ఏం తీశానో నాకు గుర్తులేదు, ఆమెకి మాత్రం గుర్తుంది. ఆ ఒక్క కాగితం ముక్క చూశాక ఎర్ర అక్షరాలు వెయ్యిసార్లు చూసినా రాని సిగ్గు వచ్చింది.

ఊళ్లో నచ్చనిది కొండమీద నచ్చింది. పక్కనే రివర్‌వుడ్‌లో లూకన్ అనే అంగడివాడి బంగారు పంజాని దొంగలు ఎత్తుకుపోతారు. నిజంగా పంజా ఆకారంలో ఉండే బంగారు బొమ్మ అది. దాని కోసం బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలోకి దిగాలి. లోపల ఒక గుండ్రటి రాతి తలుపు, మూడు వలయాలు, వలయాల మీద జంతువుల బొమ్మలు. తాళంచెవి ఎక్కడా లేదు. సంచి తెరిచి ఆ బంగారు పంజాని అటూ ఇటూ తిప్పి చూస్తే, అరచేతి వైపు చెక్కి ఉన్నాయి: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. మొదటిసారి ఆడినప్పుడు నేను దాన్ని సంచిలో బరువుగానే చూశాను, అమ్మితే ఎంతొస్తుందా అని. చేతిలోకి తీసుకుని చూశాకే అది వస్తువైంది. వెతకడం అంటే నాకు ఇది. పంజా తిరిగి ఇచ్చాక లూకన్ దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటాడు, ఎప్పుడు వెళ్లినా అక్కడే మెరుస్తూ ఉంటుంది. అదే సమాధిలో మిగతావన్నీ, కుండల్లో చిల్లర, చచ్చినవాళ్ల తుప్పు కత్తులు, దారిలోనే మర్చిపోయాను. అవి పదోవంతు ఉన్నా సరిపోయేది.

రిఫ్టెన్‌లో బస మంచిదే అయినా నేను ఉండలేకపోయాను. సంతలో అడుగు పెట్టగానే బ్రిన్యోల్ఫ్ అనే అతను పని చెబుతాడు. మడేసీ అనే నగల వ్యాపారి కొట్టు కింద పెట్టెలోంచి ఉంగరం తీసి, బ్రాండ్‌షే అనే మరో చిరువ్యాపారి జేబులో వెయ్యాలి. బ్రాండ్‌షే ఏ తప్పూ చెయ్యలేదు. జేబులో ఉంగరం పడగానే భటులొచ్చి తీసుకెళ్తారు. ఇంత బరువైన పనిని ఆట ఒక అభ్యాసంలా నడిపిస్తుంది: ఇలా వంగాలి, ఇలా జేబులో చెయ్యి పెట్టాలి. ఈసారి ఆ ఉంగరం తియ్యకుండా వచ్చేశాను.

విచర్ 3లోని వైట్ ఆర్చర్డ్ గురించి ఎక్కువ చెప్పను. అందమైన పల్లె, పూలతోటలు, యుద్ధం చితక్కొట్టిన జనం. అలాంటి జనం ఇళ్లలోకి మనం ఆడే పాత్ర గెరాల్ట్ దూరి, వాళ్లు చూస్తుండగానే అలమర తెరిచి తిండి తీసుకుంటే కిక్కురుమనరు. భటుడి ఎదురుగా తీస్తే మాత్రం కత్తి దూస్తాడు, అదీ కాసేపే. ఆకలి గురించి అంత గొప్పగా మాట్లాడే ఆటలో, ఆకలితో ఉన్న ఇంటి రొట్టెకి విలువ లేకపోవడం నాకు మింగుడుపడలేదు. ఆవుల సంగతి వేరు. ఇక్కడ ఆవుల్ని పదేపదే చంపి తోళ్లు అమ్ముకునేవాళ్లు ఎక్కువయ్యారని తర్వాత అప్‌డేట్‌లో ఒక పెద్ద రాక్షసిని పెట్టారు. ఆవుల జోలికి అలా వెళ్తే అది వచ్చి పడుతుంది. ఆవుకి దొరికిన ఆ కాపలా అలమరలో రొట్టెకీ దొరికుంటే బాగుండేది.

ఇక రాటై. యాత్ర మొత్తంలో ఎక్కువ రాత్రులు గడిపింది ఇక్కడే. 2018లో ప్రాగ్‌కి చెందిన వార్‌హార్స్ స్టూడియోస్ తెచ్చిన కింగ్‌డమ్ కమ్ ఆటలోని ఊరు. 1403 నాటి బొహీమియా, ఈనాటి చెక్ దేశంలోని ప్రాంతం. మంత్రాల్లేవు, రాక్షసుల్లేవు. మనం హెన్రీ, ఒక కమ్మరి కొడుకు. చదువు రాదు, పుస్తకం తెరిస్తే అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి, ఒక లేఖకుడి దగ్గర నేర్చుకోవాలి.

సేవల విషయంలో రాటైని మించింది నేను చూడలేదు. ఊరి దిగువన స్నానశాల ఉంది. ఒళ్లు తోముకోవచ్చు, బట్టలు ఉతికించుకోవచ్చు, గాయాలు బాగుచేయించుకోవచ్చు. శుభ్రంగా ఉంటేనే దొరలు, వ్యాపారులు మర్యాదగా మాట్లాడతారు, నెత్తుటి మరకలతో వెళ్తే మొహమే మారిపోతుంది. సత్రంలో మంచం అద్దెకి తీసుకుంటే నిద్రలో ఆట సేవ్ అవుతుంది. లేకపోతే సేవ్ చెయ్యడానికి ప్రత్యేకంగా ఒక సారా కొనుక్కుని తాగాలి. అందుకే అద్దె మంచం దగ్గరికి చేరేసరికి నిజంగా ఇల్లు చేరినంత ఊరట. సంచిలో తిండి కుళ్లిపోతుంది కాబట్టి, ఎక్కడ పడితే అక్కడ మాంసం, పళ్లు ఏరి దాచుకునే అలవాటు రెండు రోజుల్లో వదిలిపోయింది.

దొంగతనం నేర్పేవాడు కూడా ఉన్నాడు, ఊరి బయట మరలో పిండి ఆడే పేషెక్. తాళం తియ్యడం, జేబు కొట్టడం నేర్పుతాడు, కొట్టేసిన సరుకు కొంటాడు. ఒక రాత్రి అతని మాట విని పై వీధిలో ఒక ఇంటికి వెళ్లాను. ముదురు రంగు బట్టలు వేసుకున్నాను, ఇనుప కవచం విప్పేశాను, ఎందుకంటే అది నడుస్తుంటే చప్పుడు. ఇక్కడ రాత్రిపూట ఊళ్లో దివిటీ లేకుండా తిరిగితే భటులు ఆపుతారు. దివిటీ పట్టుకుంటే అందరికీ కనబడతాను, పట్టుకోకపోతే తప్పు. ఆ సందిగ్ధంలోనే సగం టెన్షన్. తలుపు దగ్గర ఒక చేత్తో చువ్వని సరైనచోట నిలబెట్టాలి, రెండో చేత్తో తాళం తిప్పాలి. రెండూ ఒకేసారి కుదరాలి. తాళం సగం తిరిగింది, నా చెయ్యి జారింది, చువ్వ విరిగింది. ఆ చిన్న చప్పుడుకి లోపల ఎవరో కదిలారు. నేను గోడ పక్కన కూర్చుండిపోయాను. లోపలి మనిషి ఒకడు ఉన్నాడని, అతను పడుకున్నాడని, అతను లేస్తాడని ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది. ఇన్నేళ్లుగా వందల ఇళ్లలో దూరి ఉంటాను, ఎదుటివాడి నిద్ర గురించి ఆలోచించింది అదే మొదటిసారి.

ఇంకో ఇంట్లో దొరికిపోయాను. భటుడు సోదా చేశాడు, సంచిలో ఆ ఇంటి వెండి కప్పు బయటపడింది. జరిమానా కట్టొచ్చు, మాటలతో బయటపడొచ్చు, లేదా జైలు. జైలుకే వెళ్లాను. బయటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ తగ్గింది, ఊళ్లో పేరు పోయింది. అంతకుముందు పలకరించేవాళ్లు ముఖం తిప్పుకున్నారు, కొట్లలో ధరలు పెరిగాయి. ఆ చెడ్డపేరు ఆ ఊరి వరకే, పక్క ఊళ్లో నేనెవరో తెలియదు. కబురు అలాగే కదా పాకుతుంది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగంలో ఇంకో మెట్టు ఎక్కారు. దొంగతనం ఎవరూ చూడకపోయినా, వస్తువు పోయిందని ఇంటివాళ్లు గుర్తించి, ఆ చుట్టుపక్కల తచ్చాడిన మనిషిని అనుమానిస్తారు. శిక్షలు కూడా బొండకొయ్య దగ్గర్నుంచి వాత పెట్టడం దాకా ఉన్నాయి. నాకు వాతల కంటే ఆ అనుమానమే గొప్పగా అనిపించింది. తన ఇంట్లో ఏముందో తెలిసిన మనిషి ఉన్నప్పుడే అది ఇల్లు.

దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదని కూడా చెప్పాలి. 1993లో గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టే ఆట యంత్రంలో వచ్చిన జెల్డా, లింక్స్ అవేకెనింగ్‌లో ఒక చిన్న కొట్టు ఉంది. కొట్టువాడి చూపు తప్పించి వస్తువుతో బయటపడొచ్చు. ఆ తర్వాత ఆట అయిపోయేదాకా మన పేరు బదులు దొంగ అనే అందరూ పిలుస్తారు. మళ్లీ ఆ కొట్టులో అడుగు పెడితే ప్రాణం పోతుంది. 2001 నాటి గోథిక్ అనే ఆటలో పరాయి గుడిసెలోకి వెళ్తే మనిషి ముందు బయటికి పొమ్మంటాడు, వినకపోతే ఆయుధం తీస్తాడు. ఇంత పాత ఆటల్లో కుదిరింది తర్వాత పెద్ద పెద్ద బడ్జెట్లలో ఎందుకు పక్కకి పోయిందో అని బాధేస్తుంది. ఒక సౌకర్యం మాత్రం నేను తిరిగిన ఏ ఊళ్లోనూ సరిగ్గా దొరకలేదు. తప్పు చేసినవాడు వస్తువు పట్టుకెళ్లి, గుమ్మంలో నిలబడి, ఇది మీదే అని చెప్పే దారి. జరిమానా కట్టడానికి దారుంది, జైలుకి దారుంది, తిరిగి ఇవ్వడానికి లేదు. ఆట తయారుచేసేవాళ్లు ఆ ఒక్క గుమ్మం తెరవాలని మనసారా కోరుకుంటున్నాను.

చివరి మజిలీ సేడా నీన్. 2002 నాటి మారోవిండ్‌లో ఓడ దిగగానే వచ్చే చిత్తడి ఊరు. ఇక్కడ మ్యాప్ మీద ఎటు వెళ్లాలో చూపే గుర్తు ఉండదు. ఫలానా వంతెన దాటి, ఎడమ పక్క దారి పట్టి, రాతి గుట్ట దగ్గర తిరుగు అని మనుషులు చెబుతారు, మనం విని నడవాలి. దారి తప్పాను, రెండుసార్లు. తప్పినందుకే ఆ ఊరి చుట్టుపక్కల ప్రతి గుట్టా నాకు గుర్తుంది.

పేర్లు రాసుకునే కచేరీ ఆవరణలో ఒక పీపాలో ఉంగరం దొరికింది. బయట ఫార్గోత్ అనే చిన్నపాటి మనిషి తన ఉంగరం పోయిందని వాపోతున్నాడు. ఇచ్చేశాను. పొంగిపోయాడు. తర్వాత ఆరిల్ అంగడి మేడ మీద హ్రిస్కార్ అనే బలిష్ఠుడు పిలిచి, ఫార్గోత్ డబ్బు ఎక్కడ దాస్తాడో కనిపెట్టమన్నాడు, వాటా ఇస్తానన్నాడు. రాత్రి దీపస్తంభం ఎక్కి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత కింద చీకట్లో ఒక చిన్న వెలుగు కదిలింది. ఫార్గోత్, అటూ ఇటూ చూసుకుంటూ, బురదగుంట మధ్యలో చెట్టు మొద్దు దగ్గరికి వెళ్లి వంగాడు, వెనక్కి వెళ్లిపోయాడు.

దిగి వెళ్లి మొద్దులో చూశాను. 300 నాణేలు, వాటితో పాటు పొద్దున నేను ఇచ్చిన ఉంగరం. నీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి కాసేపు దాన్నే చూశాను. హ్రిస్కార్ మేడ మీద ఎదురుచూస్తూనే ఉంటాడు. మొద్దు అలాగే వదిలేసి ఒడ్డుకొచ్చాను.