ఫాస్ఫోజిప్సం ప్లాస్టర్, 25 కిలోల బస్తా: కోనసీమ ఇళ్లకు పనికొస్తుందా?

ఫాస్ఫేటు రాయి నుంచి ఫాస్ఫారిక్ యాసిడ్ తీయగా మిగిలిన జిప్సంతో చేసిన ప్లాస్టర్ ఇది. రాజస్థాన్ గని జిప్సం సరుకు కంటే చవక. లోపలి గోడలకూ సీలింగ్‌కూ వాడుకోవచ్చు గానీ, ఏ రెండు బస్తాలూ ఒకేలా ఉండటం లేదు. అయిదుకు మూడు మార్కులు.

గొడవంతా బిగువు దగ్గరే. 16–18 లీటర్ల నీళ్లలో పొడి చల్లుతూ కలిపితే (పొడి మీద నీళ్లు పోయకూడదు) మంచి సరుకు అరగంటకు అటూ ఇటూగా బిగుస్తుంది. ఇందులో కొన్ని బస్తాలు గంట దాటినా వేలు పెడితే దిగిపోతాయి. సరిగ్గా కడగక మిగిలిపోయిన ఫాస్ఫేటు చేసే పని అది. నీళ్లలో కరిగి, కాల్షియంతో కలిసి, పొడి రేణువుల మీద పొరలా కప్పేస్తుంది. బిగువు ఆలస్యమవుతుంది, ఆరాక బలమూ తగ్గుతుంది. ఫ్యాక్టరీలో సున్నంతో శుద్ధి చేస్తే ఈ ఫాస్ఫేటు కరగని రూపంలోకి మారిపోతుంది. జిప్సం స్ఫటికం లోపలే సల్ఫేటు స్థానంలో చేరిన ఫాస్ఫేటు మాత్రం ఎంత కడిగినా పోదు. అసలు తలనొప్పి దానితోనే. ఇలాంటి జిప్సానికి ఐఎస్ 12679 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఫాస్ఫేటు, ఫ్లోరైడు, క్లోరైడు ఎంతెంతో ఈ బస్తా మీద ఎక్కడా లేదు, అందుకే ఒక మార్కు కోత. కొంచెం బూడిద రంగు ఉంటుంది, పెయింటు కింద కనపడదు.

అలాగని తప్పంతా బస్తాదే అనలేం. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు చాలా బోర్లలో ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో కలిపితే గోడ ఆరాక తెల్లటి ఉప్పు పైకి తేలుతుంది, వానాకాలంలో గాలిలోని చెమ్మ లాగి పెయింటు పొక్కుతుంది, సీలింగ్ స్క్రూలు తుప్పు పడతాయి.

ఎవరి తప్పో తేల్చడం తేలికే. రెండు ప్లాస్టిక్ గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు తీసుకోండి. ఒకదానిలో బోరు నీళ్లు, రెండోదానిలో ఆర్వో నీళ్లు. ఒక్కోదానిలో 150 గ్రాముల పొడి కలపండి. రెండూ గంటకీ బిగియకపోతే బస్తాదే లోపం. వారం ఆరాక బోరు నీళ్ల ముద్ద ఒక్కటే తెల్లగా పూస్తే నీళ్లు మార్చుకోండి. గ్లాసులు కొత్తవై ఉండాలి. పాత ప్లాస్టర్ అంటుకుని ఉంటే అది విత్తనంలా పనిచేసి బిగువును ముందుకు లాగేస్తుంది, పరీక్ష తప్పుతుంది. పని దగ్గర తొట్టి కడగని మేస్త్రులకు చేతిలోనే ముద్ద గట్టిపడేది కూడా ఇందుకే.

ఆలస్యమవుతోందని గుప్పెడు సిమెంటు వేస్తామంటే ఒప్పుకోవద్దు. తడి తగిలే చోట జిప్సంలోని సల్ఫేటు సిమెంటుతో కలిసి ఉబ్బుతుంది, పెచ్చులు లేస్తాయి.

బాత్రూముకూ, బయటి గోడకూ, వరదకు మునిగే గదికీ వద్దు. మొదట ఒక్క బస్తా తెచ్చి చూడండి. నచ్చితే మిగతావన్నీ అదే బ్యాచ్ నంబరువి తీసుకోండి, చెక్క పలకల మీద, గోడకు తగలకుండా పేర్చండి.